శ్రవణమే తొలి సోపానం

తండ్రి హిరణ్యకశిపునికి నవవిధ భక్తిమార్గాలను చెబుతూ బాల ప్రహ్లాదుడు శ్రవణాన్ని ముందుంచి, కీర్తనాన్ని దాని తర్వాతే పేర్కొన్నాడు. సంగీతవిద్యకూ ఇదే క్రమం. పిల్లలు ఆరో తరగతికి రాగానే చదువు బరువనో, గాత్రం పలకడం లేదనో సంగీత పాఠాలు మాన్పించే తల్లిదండ్రులు ఎందరో. అందరూ గాయకులు కానవసరం లేదు. మంచి శ్రోత కావడానికి మాత్రం ఏ బిడ్డా అనర్హుడు కాడు.

పదకొండు, పన్నెండేళ్ల ప్రాయం ప్రతిదానికీ కారణం అడుగుతుంది. శాస్త్రం బోధించడానికి అదే తగిన సమయం. తొలి పాఠాలైన సరళీ వరుసలను పురందరదాసు మాయామాళవగౌళలో కూర్చారని సంప్రదాయం. 72 మేళకర్తలలో ఇది 15వది. ఇందులో స, రి, గ, మల నడుమ ఉన్న దూరాలే ప, ద, ని, పైస్థాయి సల నడుమా ఉంటాయి. ఒక సగం పట్టుబడితే రెండో సగానికి దారి దొరుకుతుంది. ఈ మర్మం తెలిసిన విద్యార్థికి స్వరాలు వట్టి వల్లెవేత అనిపించవు.

ఆదితాళానికి అక్షరాలు 8. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్కతో లఘువు. దెబ్బ, ఉసి చొప్పున రెండు ద్రుతాలు. త్యాగరాజస్వామి (1767-1847) ఘనరాగ పంచరత్న కృతులు ఐదూ ఈ తాళంలోనివే. పాడలేని బాలుడు సైతం తాళం వేస్తూ వాటిని అనుసరించగలడు. క్రమంగా నాటకూ గౌళకూ గల భేదం చెవికి తెలియవస్తుంది.

వారానికి ఒక్క సాయంత్రం దీపారాధన తరువాత ఇంటిల్లిపాదీ ఒక కృతిని మౌనంగా వినాలి. పిమ్మట దాని రాగం, తాళం, భావం పిల్లలచేతనే చెప్పించాలి. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా పెద్దలు భావించారు. ఆ ఇద్దరినీ గుర్తెరిగిన బిడ్డకు భగవన్నామం ఎన్నటికీ పరాయిది కాదు.