వానలో లాంగ్ డ్రైవ్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ వనస్థలిపురంలో ఉన్నవాళ్లకు ఊరు దాటడం తేలిక. చింతల్‌కుంట దగ్గర ఎక్కితే విజయవాడ హైవే, బీఎన్ రెడ్డి నగర్ మీదుగా వెళ్తే నాగార్జున సాగర్ రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని తుక్కుగూడ దగ్గర దిగితే శ్రీశైలం రోడ్డు. జూన్‌లో రుతుపవనాలు వచ్చి నాలుగు రోజులు ముసురు పడితే చాలు, ఇంటింటా టూర్ ముచ్చట్లు మొదలవుతాయి. వెళ్లాల్సిందే. వానాకాలంలో నల్లమల పచ్చదనాన్ని, గేట్లెత్తిన సాగర్‌ను మించిన అందం మనకు దగ్గర్లో లేదు. కానీ ఆ ముచ్చట్లతో పాటు కొన్ని నమ్మకాలూ బండెక్కుతున్నాయి. వాటిలో కొన్ని మనుషుల ప్రాణాలు తీశాయి. అందుకే ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ: మన దగ్గర వాన తెరిపిచ్చింది. నాలుగు వరసల హైవేకు ఢోకా ఉండదు.

వాస్తవం: రోడ్డును ముంచేది మన డాబా మీద పడిన వాన కాదు, ఎక్కడో ఎగువన పడి వాగులో చేరిన వాన. విజయవాడ దారిలో నందిగామ దాటాక ఐతవరం వస్తుంది. దానికి దగ్గర్లోనే మున్నేరు పారుతుంది. ఈ ఏరు వరంగల్ వైపు పాఖాల ప్రాంతంలో పుట్టి, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నీళ్లన్నీ మోసుకుంటూ కృష్ణలో కలుస్తుంది. 2023 జులై చివరి వారంలో ఆ జిల్లాల్లో, చుట్టుపక్కలా కుండపోత కురిసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు నమోదైంది. ఆ వరదకు ఐతవరం దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీదుగానే మున్నేరు పారింది, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే జరిగింది. ఈసారి కోదాడ దాటాక పాలేరు వాగు నీళ్లు కూడా తోడయ్యాయి.

అందువల్ల విజయవాడ బయల్దేరే ముందు చూడాల్సింది హైదరాబాద్ ఆకాశం కాదు. ఖమ్మం, మహబూబాబాద్‌లలో గత రెండు రోజుల వాన ఎంతో చూడాలి. మున్నేరు పొంగుతోందంటే ప్రయాణం వాయిదా వేయడం మేలు. తప్పనిసరైతే నార్కట్‌పల్లి దగ్గర మళ్లి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా వెళ్లే దారి ఉంది. ఆ రెండు వరదల్లోనూ అధికారులు వాహనాలను అటే మళ్లించారు. అది చుట్టుదారి కాబట్టి ఆ మేరకు సమయం, డీజిల్ లెక్క ముందే వేసుకోవాలి.

అపోహ: ఇన్ని వానలు పడ్డాయంటే సాగర్ గేట్లు ఎత్తే ఉంటారు.

వాస్తవం: సాగర్ గేట్లకూ మన ముసురుకూ సంబంధం చాలా తక్కువ. కృష్ణమ్మ పుట్టింది మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర, పశ్చిమ కనుమల్లో. అక్కడి వానకు ముందు కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ నిండాలి. ఆ తర్వాత జూరాల, ఆ తర్వాత శ్రీశైలం. అటు తుంగభద్ర నీళ్లూ వచ్చి కలవాలి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులకు చేరువై, కిందికి వదిలిన నీటితో సాగర్ కూడా 590 అడుగుల దాకా వస్తే, అప్పుడు 26 క్రస్టు గేట్ల వంతు వస్తుంది.

2023 సంగతి చూడండి. తెలంగాణలో రికార్డులు బద్దలయ్యేలా వానలు పడిన ఏడాది అది. అయినా ఎగువ కృష్ణలో వరద లేక ఆ వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తనేలేదు. మళ్లీ 2024 ఆగస్టులోనే ఎత్తారు. కాబట్టి సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటేముందే శ్రీశైలం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో, సాగర్ మట్టం ఎంతుందో చూసుకోండి. వానాకాలంలో ఈ లెక్క రోజూ పేపర్లలో వస్తుంది. ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. ఆలమట్టిలో వరద మొదలయ్యాక అది సాగర్ దాకా రావడానికి రోజులు పడుతుంది. సెలవు పెట్టుకోవడానికి ఆ వ్యవధి చాలు.

అపోహ: మాది ఎత్తైన బండి. మోకాలి లోతు నీళ్లు దాటేస్తుంది.

వాస్తవం: పారే నీటిలో బండి బరువు మనం అనుకున్నట్టు పనిచేయదు. ఒక చిన్న లెక్క వేద్దాం. కారు అడుగుభాగం నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. నీరు ఆ అడుగును తాకి మరో 15 సెంటీమీటర్లు లేస్తే, కారు దాదాపు టన్ను నీటిని పక్కకు నెడుతుంది. అంతే బలంతో నీరు కారును పైకి లేపుతుంది. చాలా చిన్న కార్ల బరువు టన్నుకు అటూ ఇటూనే. అంటే రోడ్డు మీద అడుగు లోతు నీళ్లున్నా టైర్లకు పట్టు పోతుంది. ఆపై పక్కనుంచి తోసే ప్రవాహం బండిని ఎటు తీసుకెళ్తే అటే. అమెరికా వాతావరణ శాఖ కూడా ఇదే చెబుతుంది: పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషి పడిపోవచ్చు, 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు, 60 సెంటీమీటర్లకు పెద్ద బండ్లు సైతం కొట్టుకుపోవచ్చు.

పైగా నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదుగా పొంగింది. హైదరాబాద్ విమానాశ్రయానికి కారులో బయల్దేరిన తండ్రీకూతుళ్లను ఆ వరద పొట్టన పెట్టుకుంది. విమానం అందుకోవాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. వాగుకు మాత్రం మన తొందర పట్టదు. పారే నీటి ముందు ఆగిపోవడం ఒక్కటే నియమం. ముందు వెళ్లిన లారీ దాటిందన్నది మనకు అనుమతి కాదు.

అపోహ: మన జిల్లాకు రెడ్ అలర్ట్ లేదు. కాబట్టి బయల్దేరొచ్చు.

వాస్తవం: వాతావరణ శాఖ రంగులు మనుషులు ఏం చేయాలో చెప్పేందుకు పెట్టినవి. పసుపు రంగుకు ‘గమనిస్తూ ఉండండి’, నారింజకు ‘సిద్ధంగా ఉండండి’, ఎరుపుకు ‘చర్య తీసుకోండి’ అని అర్థం. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ.

చాలామంది బయల్దేరే జిల్లా రంగు ఒక్కటే చూస్తారు. విజయవాడ వెళ్లేవారు రంగారెడ్డితో పాటు యాదాద్రి, నల్గొండ, సూర్యాపేట, ఎన్టీఆర్ జిల్లాల రంగులు చూడాలి. వాటికి నీళ్లు పంపే ఖమ్మం, మహబూబాబాద్‌లవీ చూడాలి. వెళ్లే రోజుదే కాదు, తిరిగొచ్చే రోజుది కూడా. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న కల్వర్టు వచ్చేటప్పుడు మునిగి ఉండొచ్చు.

అపోహ: జలపాతం చూడాలంటే పెద్ద వాన పడిన మర్నాడే వెళ్లాలి.

వాస్తవం: ఆ మర్నాడే అన్నిటికంటే ప్రమాదకరం. అడవి గుట్టల్లోంచి దూకే నీరు నిమిషాల్లో పెరుగుతుంది. 2023 జులై 26న ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లినవారు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకున్నారు. పదుల సంఖ్యలో ఉన్న వారిని ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది బయటికి తెచ్చారు. వాన ఆగి, వరద తగ్గి, నీరు తేటపడ్డాక కూడా బొగత జలపాతం అందంగానే ఉంటుంది. సాగర్ దగ్గరి ఎత్తిపోతల కూడా అంతే.

నల్లమలలో సఫారీ అనుకునేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. వానాకాలం పులులకు ఏకాంతం అవసరమైన కాలం. అందుకే సాధారణంగా జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారు. హైవే మీదుగా శ్రీశైలం మాత్రం వెళ్లొచ్చు.

అపోహ: రాత్రి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, తెల్లారేసరికి మల్లన్న దర్శనం.

వాస్తవం: శ్రీశైలం దారిలో మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. రోడ్డు దాటే జంతువుల కోసం పెట్టిన నియమం అది. అర్ధరాత్రి బయల్దేరితే మన్ననూర్ దగ్గర తెల్లారేదాకా నిలబడాల్సిందే. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు. అన్నిటికీ మించి, చీకట్లో తడి తారుకూ పారే నీటికీ తేడా హెడ్‌లైట్ వెలుగులో తెలియదు. ఏ దారైనా సరే, వానాకాలంలో పగలు బయల్దేరి పొద్దుగూకేలోపు చేరేలా చూసుకోవాలి.

అపోహ: దసరా నాటికి వానలు వెళ్లిపోతాయి.

వాస్తవం: అక్టోబరు మధ్యకు నైరుతి రుతుపవనాలు వెనుదిరిగినా, బంగాళాఖాతంలో వాయుగుండాలకు అదే అదను. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికి హైదరాబాద్ మీదికొచ్చింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగిన ఆ రాత్రిని ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటితే, ముంపు వరంగల్‌ను తాకింది. పండుగ సెలవులకు ఊరెళ్లేవారు తీరం గురించే కాదు, తమ దారి గురించి కూడా తుఫాను కబురు అడగాలి.

ఇంకొన్ని చిన్న అపోహలు

*వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపాలి.* వద్దు. అవి ఆగిన బండికి. నడుస్తూ వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవారికి తెలియదు. హెడ్‌లైట్లు డిమ్‌లో వేసి వేగం తగ్గించండి.

*నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి బయటపడాలి.* అలా చేస్తే నీరు ఇంజిన్‌లోకి వెళ్లి సీజ్ అవుతుంది. మామూలు సమగ్ర బీమాలో ఆ ఇంజిన్ ఖర్చు చాలాసార్లు రాదు, దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్షన్ ఉండాలి. థర్డ్ పార్టీ బీమాతో అసలు రాదు. బండి వదిలేసి ఎత్తైన చోటికి వెళ్లండి.

*మ్యాప్ దారి చూపించిందంటే దారి ఉన్నట్టే.* మ్యాప్‌కు ట్రాఫిక్ తెలుస్తుంది కానీ కాజ్‌వే మీద నీటి లోతు తెలియదు. దగ్గరి పెట్రోల్ బంకులో, టీ కొట్టులో అడగండి. వాగు సంగతి ఊరివాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

మరి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ముందు వేరే చోట ఎలా చేస్తారో చూద్దాం. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. ఆ నెలల్లో లోపలి మట్టిరోడ్లు వారాల తరబడి మూసేస్తారు. అక్కడ ప్రయాణం చేసేవారు పొద్దున్నే ప్రభుత్వ రోడ్డు నివేదిక చూశాకే కదులుతారు. వాగు దాటే చోట నీటి లోతు చూపే కొలబద్దలు నిలబెట్టి ఉంటాయి. మూసిన రోడ్డులోకి వెళ్తే జరిమానా తప్పదు. మన లోలెవల్ వంతెనల దగ్గర అలాంటి కొలబద్దలు చాలాచోట్ల కనపడవు. ప్రతి వానాకాలానికి ముందు వాటిని పెట్టించమని మనం గట్టిగా అడగాలి. ఒక్క ఇనుప గొట్టానికి వేసిన ఎరుపు, తెలుపు రంగులు ప్రాణాలు కాపాడగలవు.

అప్పటిదాకా మన జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. హోటల్ బుక్ చేసేటప్పుడు రద్దుకు వీలున్నదే తీసుకోండి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. డబ్బు కట్టేశామనో, మర్నాడు ఆఫీసుందనో మనసు లాగకుండా ఈ రెండూ కాపాడతాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చకుండా కదలొద్దు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అత్యవసరానికి 112 ఫోన్‌లో ఉంచుకోండి.

బండి ఎక్కేముందే ఇంట్లో అందరూ కలిసి ఒక నిర్ణయం తీసుకోండి: రోడ్డు మీద నీరు పారుతుంటే వెనక్కే. దాని గురించి అక్కడ చర్చ ఉండదు, ఓటు ఉండదు, స్టీరింగ్ పట్టిన మనిషి మీద వెనక సీటు నుంచి ఒత్తిడి ఉండదు. సాగర్ గేట్లు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎత్తుతారు.