నేల నెర్రెలిస్తే గోడ బీటలు వారుతుంది

ఎండలు ముదిరితే చాలు, నల్లరేగడి ఊళ్లలోని పేదల కాలనీల్లో మాకు ఒకటే మాట వినపడుతుంది: "అన్నా, గోడ బీటలిచ్చింది, వేలు దూరుతోంది". అధికారిని అడిగితే "గోడలకు సరిగా నీళ్లు కొట్టలేదు మీరు" అంటాడు. మేస్త్రీ ఇసుక మీదికి తోస్తాడు. ఇంకో పెద్దమనిషి వచ్చి వాస్తు దోషమని చెప్పి, వాకిలి మార్చమని ఐదొందలు పట్టుకుపోతాడు. కాళ్ల కింద నేల సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు.

ఆ నేల సంగతి శనగ పీకిన కూలీలకు ఒకరు చెప్పాలా? ఎండాకాలం రేగడి చేలో కొడవలి జారి నెర్రెలో పడితే చేతికందదు. నాలుగు వానలు పడితే ఆ నెర్రెలే కనపడకుండా పూడుకుపోతాయి. మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఆ మట్టిలో ఉండడమే కారణం. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. చేనుకు ఇది మేలే. దాని మీద రెండడుగుల పునాది తీసి గోడ లేపితే మాత్రం ఏటా ఒకసారి ఎత్తుతుంది, ఒకసారి దించుతుంది. ఇల్లంతా ఒక్కతీరుగా లేచి దిగితే బాధ లేదు. నడి ఇంటి కింద తేమ నిలకడగా ఉంటుంది. గోడ వార నేల ఎండకు ఆరుతుంది, చూరు నీళ్లకు తడుస్తుంది. అందుకే మూలలు కదిలి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట లేస్తుంది.

ప్రతి పగులూ పునాదిది కాదు. ప్లాస్టరింగు మీద సాలెగూడులాంటి వెంట్రుకవాసి పగుళ్లకు బెదరక్కర్లేదు. ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పోయి, లోపలా బయటా కూడా కనపడి, తలుపులు పట్టేస్తుంటే పునాది కదిలిందన్నమాట. సాధారణంగా బీట పైన వెడల్పు, కింద సన్నం అయితే ఇంటి చివర దిగుతోంది. కింద వెడల్పయితే నడుమ కుంగుతోంది. బీటకు అడ్డంగా చిన్న అద్దం ముక్కను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. అద్దం విరిగితే కదలిక ఆగలేదన్నట్టు. ఎండల్లో ఒకసారి, వానల్లో ఒకసారి కొలిచి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే, "మీ తప్పే" అన్నవాడికి చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మండుటెండల్లో, బీట బాగా తెరుచుకున్నప్పుడు సిమెంటు కూరొద్దు. వానలకు నేల ఉబ్బితే మరోచోట పగులుతుంది. ముందు నీటి సంగతి చూడండి. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయించండి. చూరు నీళ్లు, తూము నీళ్లు గోడ దగ్గర నిలవనీయొద్దు. మరుగుదొడ్డి గుంట గోడకు ఆనుకుని ఉండకూడదు. వేప, తుమ్మ వేళ్లు నేలలో తడి లాగేస్తాయి కాబట్టి గోడ పక్కన నాటొద్దు. ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టును ఉన్నట్టుండి కొట్టేసినా ప్రమాదమే, ఆ నేల తడి పట్టి ఉబ్బుతుంది.

ఇవన్నీ పైపై కాపుదల. రేగడికి తగ్గ పునాది ఎలా వేయాలో తెలియనిదేం కాదు. కింద ఉబ్బెత్తు గడ్డతో, సుమారు పన్నెండడుగుల లోతుకు దించే పైల్ పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఏనాడో రూపొందించింది. అంత స్తోమత లేనిచోట రేగడి తవ్వి పారేసి, మొరం పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టి, పైన ప్లింత్ బీమ్ వేస్తారు. దానికి ఖర్చవుతుంది. ఆంధ్రలో 2020 డిసెంబరులో పల్లెల్లో సెంటున్నర స్థలాలు పంచి, ఇంటికి 1,80,000 రూపాయలన్నారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు. ఎర్రనేలకూ రేగడికీ ఒకటే లెక్క! పునాదికే సగం డబ్బు పోతే గోడలెవరు కడతారు? స్థలం ఇచ్చే ముందే మట్టి పరీక్ష చేయాలని, రేగడిలో పునాదికి వేరే సొమ్ము ఇవ్వాలని అందుకే అడుగుతున్నాం. మీ కాలనీలో బీటలిచ్చిన ఇళ్ల లెక్క తీసి, ఇంటింటి కొలతలతో ఒకే అర్జీ పెట్టండి. విడివిడిగా పోతే ఒక్కొక్కరికీ ఒక్కో సాకు చెబుతారు.

బీట రోజురోజుకూ పెరుగుతూ గోడ బయటికి ఒరిగినట్టు కనపడితే మాత్రం అర్జీ దాకా ఆగొద్దు. ఆ గదిలో ఆ రాత్రి ఎవరూ పడుకోవద్దు. పిల్లలనూ ముసలివాళ్లనూ పక్కింటికి చేర్చి, తెల్లారాక నలుగురూ కలిసి మండలాఫీసుకు నడవండి.