బీఎస్సీలో చేరేటప్పుడే తెలుగు, కెమిస్ట్రీ చూసుకోండి

మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ జువాలజీ, బోటనీలో చేరే మన పిల్లలు దరఖాస్తు నాడే రెండు సంగతులు తేల్చుకోవాలి. తెలుగు చెప్పే కళాశాలైతే పార్ట్-1లో తమిళానికి బదులు తెలుగు తీసుకోవచ్చు. సాధారణంగా నాలుగు సెమిస్టర్లు. అలా తీసుకున్నవారిలో బడిలో తమిళం చదవనివారికి పార్ట్-4లో బేసిక్ తమిళం, చదివినవారికి అడ్వాన్స్‌డ్ తమిళం ఉంటాయి. బేసిక్ అంటే ఆరో తరగతి స్థాయే, బెంగ అక్కర్లేదు.

తెలుగు తీసుకుంటే సైన్సు మార్కులు తగ్గుతాయేమోనని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. భాష మార్కులు వేరు, కోర్, అలైడ్ పేపర్లుండే పార్ట్-3 వేరు. అసలు జాగ్రత్త అలైడ్ దగ్గరే. అందులో కెమిస్ట్రీ లేకపోతే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి చాలాచోట్ల అర్హత ఉండదు.

ఫీజు కట్టేముందే ఈ ఏడాది తెలుగు తరగతి నడుస్తుందా అని ఆఫీసులో అడగండి. అడిగేవాళ్లు లేకపోతే ఆ తరగతి ఎత్తేస్తారు.