మూడు తరాల ‘లవకుశ’

కాకినాడ: శ్రీరామనవమికి ఊళ్ళో తాటాకు పందిరి వేసి మైకు కట్టారంటే చాలు, పానకం కలిపే లోపే ‘లవకుశ’ పాటలు మొదలవుతాయి. ఆ సినిమా వచ్చింది 1963లో. అరవై ఏళ్ళు దాటినా ఆ పాటలకు పాతవాసన పట్టలేదు. అయితే అది కూడా అంతకు ముందు వచ్చిన మరో ‘లవకుశ’ను మళ్ళీ తీసిందేనన్న సంగతి నేటి కుర్రకారులో చాలామందికి తెలియదు. మొదటి ‘లవకుశ’ 1934 నాటిది. అదే కథ 2011లో ‘శ్రీరామరాజ్యం’ పేరుతో మూడోసారి తెరకెక్కింది. మూడింటి వెనుకా గోదావరి జిల్లాల మనుషులే ఉండటం విశేషం.

జనం గుండెల్లో పెట్టుకున్న సినిమాను తిరిగి తీయడం కత్తి మీద సాము. పాతది చూసిన పెద్దలు చెడగొట్టారు అనకూడదు. కొత్తగా చూసే పిల్లలు విసుక్కోకూడదు. ఒకే కథతో మూడు తరాలను కూర్చోబెట్టిన వారు ఏది మార్చారు, దేని జోలికి పోలేదు అన్నది తెలుసుకోదగిన ముచ్చట.

ఎవరి పాట వారిదే

మొదటి రెండు ‘లవకుశ’లకూ మూలపురుషుడు చిత్తజల్లు పుల్లయ్య. కాకినాడ వాసి. సినిమాకు మాటలు రాని 1920 దశకంలోనే కాకినాడలోని సొంత ఇంట్లో ‘భక్త మార్కండేయ’ మూకీ చిత్రం తీసిన సాహసి. టాకీలు వచ్చాక కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ కోసం 1933లో ‘సతీ సావిత్రి’, మరుసటి ఏడాది ‘లవకుశ’ తీశారు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత.

ఆ రోజుల్లో తెలుగు సినిమాలో వెనుక నుంచి పాడే పద్ధతి లేదు. వేషం కట్టినవారే కెమెరా ముందు గొంతెత్తి పాడాలి. పాట మధ్యలో గొంతు బొంగురు పోయినా, మాట తడబడినా మళ్ళీ మొదటికి రావలసిందే. అందుకే అందం ఎంత ఉన్నా రాగం తీయలేనివారికి వేషం దొరికేది కాదు. నాటకాల్లో పద్యాలు పాడి జనాన్ని మెప్పించిన నటులకే పిలుపు వచ్చేది.

అప్పటి పల్లె ప్రేక్షకులకు ఇవి కొత్త కథలు కావు. ఉత్తర రామాయణాన్ని పదమూడో శతాబ్దంలో తిక్కన, పద్దెనిమిదో శతాబ్దంలో కంకంటి పాపరాజు తెలుగు చేశారు. హరికథల్లో, వీధి నాటకాల్లో, తోలుబొమ్మలాటలో సీతమ్మ కష్టాలు విని ఆడవారు కన్నీరు పెట్టుకున్నారు. అదే కథ తెర మీద బొమ్మగా కదులుతూ, పైగా పాడుతూ కనిపించేసరికి జనం బళ్ళు కట్టుకుని వచ్చారు. తెలుగు టాకీ తొలినాళ్ళలో ఘన విజయం సాధించిన చిత్రంగా అది పేరు తెచ్చుకుంది.

వేషాలు చూసి పుట్టిన ఆలోచన

ఇరవై ఏళ్ళు గడిచాయి. 1956లో వచ్చిన ‘చరణదాసి’లో ఒక దృశ్యంలో ఎన్.టి.రామారావు, అంజలీదేవి సీతారాములుగా కనిపించారు. ఆ జంటను చూసిన నిర్మాత ఎ.శంకరరెడ్డి ‘లవకుశ’ను మళ్ళీ తీయాలని సంకల్పించారు. దర్శకత్వం ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకు జవాబు ముందే ఉంది. పుల్లయ్యే.

తాను తీసి మెప్పు పొందిన సినిమాను తానే మళ్ళీ తీయడం ఏ దర్శకుడికైనా పరీక్షే. పోటీ పడవలసింది ఇతరులతో కాదు, తన గతంతో. కొత్త ప్రేక్షకులకు కొత్తగా ఏమివ్వాలన్నది మొదటి ప్రశ్న. రంగులు ఇద్దామనుకున్నారు. పూర్తిగా రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రంగా 1963 నాటి ‘లవకుశ’ చరిత్రలో నిలిచింది.

ఆ రంగులే నిర్మాతకు పరీక్ష పెట్టాయి. నలుపు తెలుపు కన్నా రంగుల ఫిల్ము ఖరీదు ఎక్కువ. 1958లో మొదలైన షూటింగు డబ్బు చాలక మధ్యలో ఆగిపోయింది. పని తిరిగి మొదలయ్యేసరికి పుల్లయ్య ఆరోగ్యం సహకరించలేదు. తండ్రి సగంలో వదిలిన బరువును కుమారుడు సి.ఎస్.రావు భుజానికి ఎత్తుకుని పూర్తి చేశారు. తండ్రి కొడుకుల ఎడబాటు, కలయిక చెప్పే కథను తండ్రీ కొడుకులే కలిసి గట్టెక్కించడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం. 1963 మార్చి 29న సినిమా విడుదలైంది. నాలుగేళ్ళ తర్వాత, 1967లో పుల్లయ్య కన్నుమూశారు.

పెద్దాపురం సీతమ్మ

సీతగా నటించిన అంజలీదేవిది పెద్దాపురం. కాకినాడ నాటక రంగం నుంచి వచ్చిన ఆమెను 1947లో ‘గొల్లభామ’ చిత్రంలో వెలుగులోకి తెచ్చింది పుల్లయ్యే. అందులో ఆమెది జగన్మోహిని వేషం. అంతటి మోహిని పదహారేళ్ళ తర్వాత నార చీరలో, తల వంచుకుని అడవి దారి పట్టిన సీతగా కనిపిస్తే ప్రేక్షకులు పాత వేషాన్ని మరచిపోయారు. ఆ తర్వాత ఎన్ని పాత్రలు వేసినా పల్లెల్లో ఆమె సీతమ్మే. చాకలి వేషంలో నవ్వించిన రేలంగి కూడా పుల్లయ్య చేతి మీదుగా సినిమాల్లోకి వచ్చినవారే.

మొదటిసారికీ రెండోసారికీ అసలు తేడా గొంతులో ఉంది. 1963 నాటికి నటించేవారు వేరు, పాడేవారు వేరు. సంగీతం ఘంటసాల. లవకుశుల వేషాలు పిల్లలవి, గొంతులు పి.లీల, పి.సుశీలవి. రామకథ మొత్తాన్ని ఒకే పాటలో ఇరికించకుండా విడతలుగా పాడించారు. తండ్రి ఎవరో తెలియని పిల్లలు తండ్రి కథనే పాడటం, అది విని అయోధ్యవాసులు కరిగిపోవడం సినిమాకు ఆయువుపట్టు. పాటలు, పద్యాలు కలిపి ముప్పైకి పైనే ఉన్నాయి. మూడున్నర గంటల సినిమాలో ఒక్కటి తీసేసినా కథకు కుంటు పడుతుంది.

పద్యాన్ని మాత్రం పుల్లయ్య వదల్లేదు. అప్పటికే సాంఘిక చిత్రాల జోరు పెరిగింది. అయినా పల్లె ప్రేక్షకుడికి పౌరాణికం అంటే పద్యం ఉండి తీరాలని ఆయనకు తెలుసు. రంగు మారింది, గొంతు మారింది, పద్యం మిగిలింది. ‘లవకుశ’ ఆడుతున్న ఊరికి చుట్టుపక్కల గ్రామాల వారు సద్ది మూటలతో ఎడ్ల బళ్ళ మీద తరలి వెళ్ళిన సంగతి పెద్దలు ఇప్పటికీ కథలుగా చెబుతారు.

ప్యాంటు వేసుకున్న రాముడు

ఆ తర్వాత అదే కథను మరో దారిలో చెప్పినవారు బాపు, రమణ. చిత్రకారుడు, దర్శకుడు బాపుది నరసాపురం. రచయిత ముళ్ళపూడి వెంకటరమణది ధవళేశ్వరం. 1975లో వారు తీసిన ‘ముత్యాల ముగ్గు’ పైకి సాంఘిక చిత్రం. నిందపడి భర్త ఇల్లు విడిచిన గర్భవతి, ఆమెకు పుట్టిన కవల పిల్లలు, చివరికి ఆ పిల్లలే అమ్మానాన్నలను కలపడం అందులోని కథ. విల్లు లేదు, కిరీటం లేదు. రాముడు ప్యాంటు వేసుకున్నాడు. అయినా జనం అందులో ఉత్తర రామాయణాన్ని గుర్తుపట్టారు. పాత కథను కొత్తవారికి చెప్పడానికి పాత దుస్తులే అక్కర్లేదని ఆ సినిమా రుజువు చేసింది.

ముప్పై ఆరేళ్ళ తర్వాత వారిద్దరే ‘శ్రీరామరాజ్యం’తో తిన్నగా అసలు కథకు వచ్చారు. రామారావు కుమారుడు బాలకృష్ణ రాముడు, నయనతార సీత. 1963లో నాగయ్య వేసిన వాల్మీకి పాత్రను అక్కినేని నాగేశ్వరరావు ధరించారు. ఇళయరాజా సంగీతం, జొన్నవిత్తుల రామలింగేశ్వరరావు పాటలు. పాత సినిమా బాణీలను అరువు తెచ్చుకోలేదు. పద్యాల జోరు తగ్గించి, పాటల సంఖ్య సగానికి కుదించారు. పిల్లల కోసం హనుమంతుడిని బాలరాజు అనే బాలుడి రూపంలో ఆశ్రమానికి పంపి, సీతమ్మకు తోడుగా నిలిపారు. టీవీలో బొమ్మల కథలకు అలవాటు పడిన పిల్లలు ఆ బాలుడి వెంటే కథలోకి నడిచారు.

పాటలను 2011 ఆగస్టులో భద్రాచలంలో విడుదల చేశారు. సినిమా నవంబరు 17న వచ్చింది. దాన్ని చూడటానికి రమణ లేరు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆయన కన్నుమూశారు. బాపుకు అదే చివరి సినిమా అయింది. 2014లో ఆయనా వెళ్ళిపోయారు. పుల్లయ్య విషయంలో కొడుకు పూర్తి చేస్తే, ఇక్కడ నేస్తం పూర్తి చేశాడు. ఉత్తమ చిత్రంగా నంది పురస్కారం ఆ సినిమాకు దక్కింది.

మళ్ళీ మళ్ళీ ఎందుకు?

ఇంతకీ ఒకే కథను ఇన్నిసార్లు ఎందుకు తీసినట్లు? రాముడు చేసింది న్యాయమేనా అన్న ప్రశ్న రచ్చబండ మీద ఇంకా తెగలేదు కనుక. రాజుగా సరేననేవారున్నారు. భర్తగా తప్పే అనేవారూ ఉన్నారు. ఏ తరం ఆడపడుచు ఆ కథ విన్నా తన పుట్టింటిలోనో అత్తింటిలోనో జరిగిన ఒక అన్యాయం గుర్తుకు వస్తుంది. ప్రతి తరమూ సీతమ్మ తరఫున ఆ ప్రశ్నను తన గొంతుతో అడగాలనుకుంటుంది.

మూడు సినిమాలూ ఆ ప్రశ్నను పెద్దల నోట కాక పిల్లల నోట, వాదనగా కాక పాటగా అడిగించాయి. రంగు, నటులు, బాణీలు, నిడివి ఏది మార్చినా దాన్ని మార్చలేదు. భూమి చీలి సీతను దాచుకునే చివరి ఘట్టాన్నీ ఎవరూ సుఖాంతం చేయలేదు.

పందిట్లో మాత్రం నేటికీ ఎక్కువగా మోగేది 1963 నాటి పాటే. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది చావదు, పాతది బతికి ఉన్నంత మాత్రాన కొత్తది తీయకూడదనీ లేదు. రేపు నాలుగోసారి ఎవరు తీసినా జనం రంగుల హంగులు చూసి ఊరుకోరు. అమ్మ కోసం ఆ ఇద్దరు పిల్లలు ఎలా పాడారన్నదే వింటారు.