ఎదుట లేని ఉద్యోగి

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన కార్యాలయములు మూతపడగా, హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగులనేకులు నంద్యాల, ఆళ్లగడ్డ వంటి స్వస్థలములనుండియే కంప్యూటరుపై కొలువు చేసిరి. వ్యాధి తగ్గినను ఆ పద్ధతి పోలేదు. దానిపై శంకయు పోలేదు. ఎదుట కనబడువారే కష్టపడుదురని తలచుట మనస్సు చేయు పొరపాటు. దీనిని సామీప్య పక్షపాతమందురు.

చైనాలోని సీట్రిప్ సంస్థ 2010లో ఆరంభించి తొమ్మిది నెలలు పరీక్షింపగా, ఇంటినుండి చేసినవారి పని 13 శాతము పెరిగినది. అయినను సమానముగా పనిచేసినవారిలో వీరికే పదోన్నతులు తక్కువ దక్కినవి. 2021లో అదే సంస్థ 1,612 మందితో మరల పరీక్ష జరిపినది. వారమునకు రెండు దినములు ఇంట పనిచేసిన ఉత్పత్తి 2.6 శాతము తగ్గునని అధికారులు సగటున ముందు ఊహించిరి; ఆరునెలల అనుభవము పిదప 1 శాతము పెరుగుననిరి.

కావున ఆళ్లగడ్డలోని ఉద్యోగిని దూరమును బట్టి గాక, ముగించిన పనిని బట్టి తూచవలెను. ముందు బల్లవారే తెలివిగలవారని తలచు తరగతికిని ఇదే పాఠము.