సెల్ఫ్ కొట్టేముందు రెండు చుట్లు చేత్తోని తిప్పుండ్రి

ఇంటి ముంగట చెట్టు కింద కారు నిలబెట్టి, ఫోన్ల వీడియో చూసుకుంట పానాలు పట్టేటోళ్లు ఇప్పుడు మస్తుమంది కనవడుతున్నరు. అండ్ల తప్పేం లేదు. సామానుకంటె కూలి ఎక్కువైతున్న రోజులల్ల సొంత చెయ్యిని నమ్ముకునుడు మంచిదే. కాని ఒక్క పనికాడ మాత్రం అందాజ పనికిరాదు. అదే ఇంజన్ టైమింగ్.

పోయినేడు నేను, మా బావమర్ది కలిసి పాత మారుతి 800కు టైమింగ్ బెల్టు మార్చినం. పాతది గుంజి తీసినం, కొత్తది ఎక్కిచ్చినం. "దాదాపు గదే జాగల ఉన్నది తియ్యి బావా" అన్నడు మావోడు. బండి స్టార్ట్ అయింది, మేం మురిసిపోయినం. రోడ్డెక్కినంక ఎరుకైంది. ఎత్తు ఎక్కుతలేదు, ఆపినకాడ వణుకుతున్నది, పెట్రోలు తాగుతున్నది. ప్లగ్గులు మార్చినం. కార్బొరేటర్ కడిగిచ్చినం. డిస్ట్రిబ్యూటర్ అటిటు తిప్పినం. నెల రోజులకు ఒక ముసలి ఉస్తాద్ బెల్టు కవర్ ఇప్పి చూసి నవ్విండు. "ఒక్క పన్ను తప్పింది బిడ్డా" అన్నడు.

ఒక్క పన్నుకే ఇంత లొల్లా? లెక్క చూడుండ్రి. ఇంజన్ల పిస్టన్ నాలుగు పనులు చేస్తది: గాలి, పెట్రోలు గుంజుకునుడు, నొక్కుడు, మండినప్పుడు కిందికి దునుకుడు, పొగను బయటికి తోలుడు. ఈ నాలుగు అయ్యేటాల్లకు కింద క్రాంక్ రెండు చుట్లు తిరుగుతది, పైన వాల్వులు తెరిచే కామ్ ఒక్క చుట్టే తిరుగుతది. అందుకే కామ్ చక్రానికి రెట్టింపు పళ్లుంటయి. క్రాంక్ చక్రానికి 20 పళ్లు ఉన్నయనుకుందాం. 360 డిగ్రీలను 20తోని భాగిస్తే 18. అంటే ఒక్క పన్ను తప్పితే వాల్వు తెరుచుడు, మూసుడు క్రాంక్ లెక్కల 18 డిగ్రీలు అటో ఇటో జరుగుతది. ఇగ సిలిండర్ సక్కగ నిండదు, దమ్ము రాదు. కొన్ని ఇంజన్లల్ల డిస్ట్రిబ్యూటర్ సుత కామ్‌తోనే తిరుగుతది. అది జరిపితే నిప్పు సర్దుకుంటది గని వాల్వులు సర్దుకోవు. మేం నెలరోజులు చేసిన పిచ్చి పని గదే.

మాకు తిప్పలే అయింది, నష్టం కాలేదు. చాన ఇంజన్లల్ల వాల్వు, పిస్టన్ ఒకే జాగను వంతులేసుకోని వాడుకుంటయి. ఆ వంతు తప్పితే రెండూ గుద్దుకుంటయి. వాల్వులు వంగితే హెడ్ దించాలె. బెల్టు ఖర్చుకు ఎన్నో రెట్లు మీద వడుతది.

మరి ఎట్ల చెయ్యాలె? ముందుగాల బ్యాటరీ వైరు తియ్యుండ్రి, గేరు న్యూట్రల్ల పెట్టుండ్రి, ప్లగ్గులు ఇప్పుండ్రి. పాత బెల్టు తియ్యకముందే క్రాంక్ గుర్తు, కామ్ గుర్తు రెండిటిని కంపెనీ పుస్తకంల చెప్పిన జాగకు తెచ్చి ఫోన్ల ఫోటో తీసుకోండ్రి. బయటి పుల్లీ మీది గుర్తును ఒక్కదాన్నే నమ్మద్దు. పుల్లీ నడుమ రబ్బరు ఉన్న బండ్లల్ల అది పాతగైతే బయటి రింగు జారుతది. లోపలి చక్రం గుర్తే అసలుది.

కొత్త బెల్టు ఎక్కిచ్చి, టెన్షనర్ బిగిచ్చినంక అసలు పరీక్ష ఉంటది. క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిక్కే, పూర్తిగ రెండు చుట్లు చేత్తోని మెల్లగ తిప్పుండ్రి. రెండు గుర్తులు మల్ల అదే జాగకు రావాలె. నడుమ గట్టిగ తట్టుకుంటె బలం పెట్టద్దు, ఆగుండ్రి. అది వాల్వు పిస్టన్‌కు తాకుతున్న సప్పుడు కావచ్చు. బెల్టుకు బదులు చైన్ ఉన్న బండ్లల్ల రంగు లింకులు రెండు చుట్లకు తిరిగి కలువయి. అది చూసి భయపడద్దు, చక్రాల మీది గుర్తులే చూడాలె.

డిస్ట్రిబ్యూటర్ బండ్లల్ల ఇంకో మోసం ఉంటది. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తది, ఒకసారి నొక్కుకుంట, ఒకసారి పొగ తోలుకుంట. నిప్పు పడాల్సింది నొక్కినప్పుడే. ఒకటో నంబరు ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి ఇంజన్ తిప్పిస్తే, గాలి వేలిని తోసినప్పుడు వచ్చేది నొక్కుడు టాప్. ఇది చూడకుండ పెడితే కార్బొరేటర్ల నుంచి ఫట్టుమని మంట తన్నుతది.

నిప్పు సుత టాప్ మీద గాదు, జెర ముందే పడాలె. పెట్రోలు మండనీకె రెండు మూడు మిల్లీసెకన్లు కావాలె. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్ ఒక్క మిల్లీసెకన్ల 18 డిగ్రీలు తిరిగిపోతది. మరీ ముందు పడితే లోపట టకటక కొట్టి పిస్టన్లు దెబ్బతింటయి. ఎన్కవడితే పికప్ పోతది, ఇంజన్ వేడెక్కుతది. ఎన్ని డిగ్రీలన్నది పుస్తకంల ఉంటది. దాన్ని టైమింగ్ లైటుతోని చూసి పెట్టాలె. ఇప్పటి కొత్త బండ్లల్ల నిప్పు సంగతి కంప్యూటర్ చూసుకుంటది గని, బెల్టు గుర్తులు కలుపుడు మాత్రం ఇప్పటికీ మన చేతి పనే.

"మా ఉస్తాద్ చెవితోనే పెడుతుండె" అని కొందరు అంటరు. నిజమే, వాళ్ల చెవికి మొక్కాలె. కాని ఆ చెవి ఎన్కల వందల ఇంజన్లు ఉన్నయి. నిప్పును చెవి పట్టుకుంటదేమో గని, సన్నటి నాకింగ్‌ను కూడ అన్నిసార్లు పట్టదు. తప్పిన పన్నును గుర్తులే పట్టిస్తయి. మాకు చెప్పిన ఉస్తాద్ సుత విని చెప్పలేదు, కవర్ ఇప్పి చూసే చెప్పిండు.

రెండు చుట్లు తిప్పనీకె ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలకు మేం నెల రోజులు పోగొట్టుకున్నం. ఆయన డబ్బులు సుత తీసుకోలే. "మల్లోసారి చేత్తోని తిప్పకుండ సెల్ఫ్ కొట్టకుండ్రి" అన్నడు. గంతే.