కన్నడ కుర్రాడు.. తెలుగింటి విజేత

రూపనగుడి (బళ్లారి): ఊరు మైసూరు. మాతృరాష్ట్రం కర్ణాటక. పేరు తెచ్చింది మాత్రం తెలుగు సీరియల్. బుల్లితెర నటుడు నిఖిల్ మలియక్కల్ ప్రయాణమిది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ కలిపి మాట్లాడే రూపనగుడి వంటి సరిహద్దు పల్లెలకు ఇది మన పిల్లోడి కథలాగే అనిపిస్తుంది.

‘గోరింటాకు’తో గుర్తింపు
2016లో వచ్చిన కన్నడ చిత్రం ‘ఊటీ’లో నిఖిల్ నటించారు. కన్నడ సీరియల్ ‘మనెయే మంత్రాలయ’లోనూ కనిపించారు. స్టార్ మాలో ప్రసారమైన ‘గోరింటాకు’ ఆయన్ను తెలుగువారికి దగ్గర చేసింది. ఆ తర్వాత జీ తెలుగులో ‘ఊర్వశివో రాక్షసివో’ చేశారు.

డబ్బింగ్ లేని పరీక్ష
సీరియల్‌లో నటుడికి భాష తడబడినా డబ్బింగ్ కళాకారులు గట్టెక్కిస్తారు. 2024లో అడుగుపెట్టిన ‘బిగ్‌బాస్’ తెలుగు ఎనిమిదో సీజన్‌లో ఆ వీలు లేదు. అలకైనా, గొడవైనా సొంత గొంతుతోనే. కర్ణాటక నుంచి వెళ్లిన మరికొందరూ అక్కడ ఉండటంతో ‘కన్నడ బ్యాచ్’ అన్న విమర్శలు వచ్చాయి. అయినా ఓట్లు వేసింది తెలుగు ప్రేక్షకులే. డిసెంబరు 15న ఫైనల్‌లో నిఖిల్ గెలిచారు. రామ్‌చరణ్ చేతుల మీదుగా ట్రోఫీ, రూ.55 లక్షల నగదు అందుకున్నారు.

తెర వెనుక ప్రయాణాలు
అందరికీ ఇంత కలిసిరాదు. సీరియల్ ఆగితే పని ఆగినట్టే. ఇల్లు ఒక రాష్ట్రంలో, షూటింగ్ మరో రాష్ట్రంలో. ‘త్రినయని’లో తిలోత్తమగా మెప్పించిన కన్నడ నటి పవిత్ర జయరాం 2024 మే 12న మహబూబ్‌నగర్ సమీపంలో జరిగిన రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. కర్ణాటక నుంచి హైదరాబాద్ వెళ్తుండగా జరిగిన ఘోరమది.

రాఘవ నడిచిన దారే
రెండు భాషల్లో నటించడం బళ్లారికి కొత్త కాదు. ఇక్కడ వకీలుగా పనిచేసిన బళ్లారి రాఘవ (1880-1946) తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకాల్లో రాణించారు. సరిహద్దు పిల్లలకు తెలుగు మాట పుట్టుకతోనే వస్తుంది. కన్నడ బడుల్లో చదివేవారికి కొరత అక్షరాల దగ్గరే. స్క్రిప్టు చేతికిస్తే చదవగలగాలి కదా! రోజుకో అరగంట తెలుగు పేపరు పట్టుకుంటే ఆ కొరతా తీరుతుంది. అప్పుడు రెండు పరిశ్రమల తలుపులూ తట్టొచ్చు, అరువు గొంతు అక్కర్లేకుండా.